రెండు నిమ్మకాయల పరీక్ష

ప్రభుత్వ భవనంలో అడుగు పెట్టగానే తలెత్తి కప్పు వంక చూసేవాళ్ళు రెండు రకాలు. బల్లి మీద పడుతుందేమోనని భయపడేవాళ్ళు ఒక రకం, నాలాంటివాళ్ళు రెండో రకం. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ భవనాల కరెంటు పనులు చూసే విభాగంలో ఇంజనీరుగా పనిచేశాను. రిటైరై ఇన్నేళ్ళైనా ఆ అలవాటు పోలేదు. పెళ్ళికి పోయినా, బ్యాంకుకు పోయినా, ఎవరినో పరామర్శించడానికి ఆసుపత్రికి పోయినా ముందు లైట్లు చూస్తాను, తర్వాత మనుషుల్ని చూస్తాను. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. నేను ఎదురు చెప్పను.

ఈ మధ్య మా విభాగంలో కొత్తగా చేరిన పిల్లలు నలుగురు మీర్‌పేట్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. "సార్, ఏ బిల్డింగ్‌కు ఏ లైట్ పెట్టాలెనో మీకు మస్తు తెలుసంట. జర మాక్కూడ చెప్పుండ్రి" అన్నారు. నాకు తెలిసింది చెప్పాను. వాళ్ళు ఫోన్లలో రాసుకున్నారు, టీ తాగారు, దండం పెట్టి వెళ్ళిపోయారు. వాళ్ళ బండ్లు సందు మలుపు తిరిగాక, చెప్పాల్సిన అసలు సంగతి చెప్పనేలేదని తెలిసింది. టీ తాగుతూ చెప్పగలిగే సంగతి కాదు అది. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

లైట్ల గురించి నాకు వచ్చిందంతా ఒక్క మనిషి పెట్టిన భిక్ష. ఆయన మా ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. భవనం ప్లాను మీద ఏ లైటు ఎక్కడ రావాలి, ఏ స్విచ్ ఎక్కడ ఉండాలి అని గీసే పని ఆయనది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడి అప్పటికే పాతికేళ్ళు. వయసులో నాకంటే పెద్ద, హోదాలో చిన్న. నేనేమో నల్లగొండ జిల్లా పల్లె నుంచి చదువుకుని పైకొచ్చినవాణ్ణి. సంతకం నాది, తెలివి ఆయనది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం పైకి ఎప్పుడూ అనుకోలేదు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం సైదాబాద్ వైపు ఒక గ్రంథాలయంలో. గది నడుమ రెండు వరుసల్లో ట్యూబ్‌లైట్లు తాడు పట్టి కొలిచినట్టు పెట్టించాను. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. ఆయన వచ్చి, కప్పు వంక అయినా చూడకుండా, గోడవారగా ఉన్న కుర్చీలో లైట్లకు వీపు పెట్టి కూర్చుని న్యూస్‌పేపర్ తెరిచారు.

"ఏమండీ, ఇలా వచ్చి కూర్చోండి. ఈ కింది వార్త కాస్త చదివి పెట్టండి" అన్నారు.

కూర్చుని వంగి చూశాను. "నీడ పడుతున్నది సార్, కనబడ్తలేదు" అన్నాను.

"ఎవరి నీడండీ?"

"నాదే."

"ఉద్యోగాల పరీక్షలకని పిల్లలు ఇక్కడికొచ్చి పొద్దస్తమానం కూర్చుంటారు. వాళ్ళ తలకాయ నీడలో వాళ్ళే చదువుకోవాలన్నమాట. బాగుంది."

ఆ 'బాగుంది' నాకు వారం రోజులు నిద్ర పట్టనివ్వలేదు. లైట్లన్నీ విప్పించి, కూర్చున్నవాడికి పక్కనుంచి వెలుతురు వచ్చేటట్టు మళ్ళీ పెట్టించాను. ఖర్చు దండగ చేశానని పై అధికారి చీవాట్లు పెట్టాడు. డ్రాఫ్ట్స్‌మన్ గారు మాత్రం ఆ రోజు తన డబ్బాలోంచి నాకు గోంగూర పచ్చడి వేశారు.

తర్వాత ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వచ్చారు. బడిలో పిల్లల నెత్తిన ఎన్ని లైట్లు పెట్టినా నల్లబల్లకు విడిగా ఒకటి లేకపోతే వెనక బెంచీ పిల్లలు చదువు మానేస్తారు. కోర్టులో సాక్షి ముఖం జడ్జికి కనిపించాలి, కానీ లైటు సాక్షి కళ్ళలో కొట్టకూడదు. కళ్ళు చికిలించేవాణ్ణి చూస్తే ఎవరికైనా అబద్ధం చెబుతున్నట్టే అనిపిస్తుంది. రికార్డులుండే గదిలో వేడెక్కే దీపం పనికిరాదు. గెస్ట్ హౌసుల్లో పసుపు వెలుతురు హాయిగా ఉంటుంది, వచ్చినవాడు పడుకోవడానికే వస్తాడు కనుక. "దీపాన్ని ఎవరూ చూడరండీ. దాని కింద ఉన్నదాన్ని చూస్తారు" అనేవారు.

ఇక ఆసుపత్రి పని అంటే ఆయన చొక్కా జేబు ఉబ్బెత్తుగా ఉండేది. అందులో రెండు నిమ్మకాయలు. ఒకటి బాగా పండింది, ఒకటి ఇంకా పచ్చిదనం పోని దోరకాయ. కొత్త లైటు వెలిగించగానే రెండింటినీ మంచం మీద పెట్టి నన్ను దూరంగా నిలబెట్టేవారు. "ఏది పండో చెప్పండి" అనేవారు. చెప్పగలిగితే లైటు పాసు. తడబడితే ఫెయిలు. కామెర్లు వచ్చినా, ఒంట్లో రక్తం లేక పాలిపోయినా, పెదాలు నీలంగా మారినా డాక్టరు ముందు కంటితోనే కదా పట్టుకునేది, నిమ్మకాయల మధ్యే తేడా చూపించలేని దీపం కింద రోగిని ఎట్లా పడుకోబెడతాం అనేది ఆయన వాదన. ఈ పరీక్ష ఏ పుస్తకంలోనూ లేదు. ఆఫీసులో అందరూ నవ్వేవాళ్ళు. పరీక్ష అయిపోయాక ఆ కాయలు ఏ ఆయాకో ఇచ్చేసేవారు, ఆవిడ సంతోషంగా కొంగున కట్టుకునేది.

ఇప్పుడు తెలంగాణ ఉద్యమం రోజులకు వస్తాను.

ఎల్బీనగర్ అవతల ఒక ప్రభుత్వ దవాఖానలో కాన్పుల వార్డు కొత్తగా కట్టారు. పాత వార్డు కురుస్తోంది, బాలింతలు బకెట్ల నడుమ పడుకుంటున్నారు. కొత్తదానికి లైట్ల ప్లాను డ్రాఫ్ట్స్‌మన్ గారే గీశారు. రంగులు ఉన్నవి ఉన్నట్టు చూపించే తెల్ల ట్యూబులు ప్రత్యేకంగా తెప్పించి మా స్టోరులో పెట్టించాం. వైర్లన్నీ మా వైర్‌మన్ లాగాడు. అతనిది మా మండలమే, నాకంటే రెండేళ్ళు పెద్ద, అందుకని నేను అన్నా అని పిలిచేవాణ్ణి. అల్మాస్‌గూడలో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాడు. స్తంభం ఎక్కితే దిగమన్నా దిగని మనిషి, పనంటే అంత ఇష్టం.

ఇంక లైట్లు బిగించడమే తరువాయి అనగా సకల జనుల సమ్మె మొదలైంది.

నేను సమ్మెలో మనస్ఫూర్తిగా ఉన్నాను. ఈ మాట తప్పించుకోవడానికి అనడం లేదు. మా ఊరి ఫ్లోరైడు నీళ్ళు తాగి వంకర పోయిన కాళ్ళను చూస్తూ పెరిగినవాణ్ణి, మా పిల్లలకు మా ఉద్యోగాలు రావాలని కోరుకున్నవాణ్ణి. ఇప్పుడైనా మళ్ళీ ఆ షామియానా కింద కూర్చోమంటే కూర్చుంటాను. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద మా ఆఫీసు గేటు ముందే షామియానా వేశాం. పొద్దున్నే పోయి కూర్చోవడం, పాటలు, ప్రసంగాలు, మధ్యాహ్నం రోడ్డు మీదే వంటా వార్పూ. బస్సులు లేవు, స్కూళ్ళు లేవు, కోచింగు సెంటర్లు మూత. ఆఫీసులో కోస్తా వైపు ఉద్యోగులు ఐదారుగురు. వాళ్ళు తలొంచుకుని లోపలికి పోయి, తలొంచుకుని బయటికి వచ్చేవాళ్ళు. నిన్నటిదాకా ఒక డబ్బాలో తిన్నవాళ్ళం ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకోలేకపోయాం.

స్టోరుకు తాళం పడింది. తెల్ల ట్యూబులు లోపలే ఉండిపోయాయి. అక్కడ దవాఖానలో వాన ఆగడం లేదు, పాత వార్డు కప్పు పెచ్చులు ఊడుతున్నాయి. దవాఖానవాళ్ళు కాంట్రాక్టరు మీద పడ్డారు, ఏదో ఒకటి చేసి వార్డు తెరవమని. అతను తన దగ్గర ఉన్న లైట్లు తెచ్చి బిగించేశాడు. అవి ఇంకెక్కడో గెస్ట్ హౌసు కోసం తెచ్చిన పసుపు వెలుతురు దీపాలు. బాలింతల్ని ఆ రోజే కొత్త వార్డులోకి మార్చారు.

ఈ సంగతి నాకు ఎట్లా తెలిసిందో చెప్పాలి. నేను షామియానా కింద కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. చుట్టూ మావాళ్ళు పదిమంది ఉన్నారు. వైర్‌మన్ అన్న నా పక్కనే కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఫోన్లో డ్రాఫ్ట్స్‌మన్ గారు. ఆయాసపడుతున్నారు. బస్సులు లేవని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఆ దవాఖాన దాకా నడిచే వెళ్ళారట.

"ఏమండీ, వార్డు తెరిచేశారు. లైట్లు చూశాను, దారుణంగా ఉన్నాయి. నిమ్మకాయలు రెండూ ఒకేలా కనపడుతున్నాయి. పసిపిల్లలండీ. మీరొకసారి వచ్చి చూసి, ఇవి పనికిరావని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి. నేను దగ్గరుండి మార్పిస్తాను" అన్నారు.

"సార్, సమ్మెల ఉన్న. సంతకం పెడితే డ్యూటీ చేసినట్టు అయితది" అన్నాను.

"సంతకం వద్దులెండి. కాంట్రాక్టరుతో నోటిమాటగా చెప్పండి చాలు. నేను చెబితే వినడం లేదండీ. 'ఇంజనీరు సారు చెప్పాలె, నువ్వెవరు' అంటున్నాడు."

పక్కనుంచి ఎవరో అడిగారు, "ఎవరు సార్ ఫోన్ల?"

"మన ఆంధ్రా సారు" అన్నాను, ఫోన్ చేత్తో మూయకుండానే.

"పని చెయ్యమంటుండా ఏంది?" అని ఒకరు అన్నారు. అందరూ నవ్వారు.

ఆ నవ్వు నాకు ఎక్కింది. ఫోన్లో మాట్లాడాల్సిన దానికంటే గట్టిగా, అందరికీ వినపడేటట్టు అన్నాను: "మీకేంది సార్, మీరు సమ్మెల లేరు, మీకు పనే ముఖ్యం. మా బతుకులు మావి. సమ్మె అయినంక చూద్దాం."

"సరేనండీ" అన్నారు. ఫోన్ పెట్టేశారు.

"ఏమంటుండు సార్?" అని వైర్‌మన్ అన్న అడిగాడు.

"ఏముంది, లైట్ల ముచ్చట" అన్నాను.

అతను తల ఊపి బీడీ నలిపేశాడు. ఆ లైట్లు ఏ వార్డువో అతను అడగలేదు, నేను చెప్పలేదు.

రెండు రోజుల తర్వాత మంచినీళ్ళ డబ్బా కోసం ఆఫీసులోకి వెళ్ళాను. నా టేబుల్ మీద న్యూస్‌పేపర్ ముక్కలో చుట్టి రెండు నిమ్మకాయలున్నాయి. ఒకటి పండు, ఒకటి దోర. చీటీ లేదు. చీటీ అవసరం లేదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. నా వెనకే వచ్చిన గుమాస్తా వాటిని చూసి వెనక్కి గెంతాడు.

"ఓయమ్మ! ఏంది సార్ ఇది? మీ మీద చేతబడి గిట్ల చేసిండా ఆంధ్రాయన?"

ఇద్దరు ముగ్గురు పోగయ్యారు. ముట్టుకోకుండ్రి అని ఒకరు, ఉప్పేసి కాల్చుండ్రి అని ఒకరు. అదేమిటో నాకు బాగా తెలుసు. పదిహేనేళ్ళుగా ఆ పరీక్ష రాస్తున్నవాణ్ణి. ఒక్క మాట చెబితే చాలు, నవ్వు ఆగిపోయేది. చెప్పలేదు. నేనూ నవ్వాను. "చేతబడి లేదు, ఏం లేదు, తీస్కపోయి పులిహోరల పిండుండ్రి" అన్నాను.

పిండారు. ఆ మధ్యాహ్నం రోడ్డు మీద పెద్ద గంగాళంలో నిమ్మకాయ పులిహోర కలిపారు. విస్తరాకు పట్టుకుని వరసలో నిలబడి నేనూ పెట్టించుకుని తిన్నాను. బాగుందని రెండోసారి కూడా పెట్టించుకున్నాను. ఇది రాయకుండా వదిలేయొచ్చు, కానీ వదిలేస్తే మిగిలినదంతా రాసి ప్రయోజనం లేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున వైర్‌మన్ అన్న పరేషాన్‌గా వచ్చాడు. కాన్పుకని పుట్టింటికి వచ్చిన కూతురికి నొప్పులు మొదలయ్యాయి. "యాడికి తీస్కపోవాలె సార్? బస్సుల్లేవు, ప్రైవేటోళ్ళ దగ్గరికి పోయే తాహతు నాకు లేదు."

"గా కొత్త వార్డుకు తీస్కపో అన్నా. లైన్లు నువ్వే గుంజినవు కద. మన చేతుల మీద అయిన వార్డు" అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడు లైట్లు గుర్తురాలేదా అని మీరు అడుగుతారు. గుర్తొచ్చాయి. లైట్లదేముంది, డాక్టరూ నర్సూ ఉంటే చాలనుకున్నాను. వాన కురవని కప్పు ఉంది కదా అనుకున్నాను. మనిషి తన తప్పును ఎంత తొందరగా చిన్నది చేసుకుంటాడో నాకు ఆ రోజే తెలియాల్సింది.

ఆడపిల్ల పుట్టింది. రెండో రోజు పండ్లు తీసుకుని చూడ్డానికి పోయాను. వార్డు నిజంగా హాయిగా ఉంది. బయట ముసురు, లోపల పసుపు వెలుతురు. నర్సమ్మ ఒకావిడ నన్ను గుర్తుపట్టి, "లైట్లు మంచిగ పెట్టిండ్రు సార్, కండ్లకు చల్లగున్నది" అని మెచ్చుకుంది. వార్డులో పిల్లలందరూ ఒకే ఛాయలో ముద్దుగా ఉన్నారు. వైర్‌మన్ భార్య పిల్లను నా ముందుకు పట్టుకుని, "చూసినవా సారూ, నా మనుమరాలు బంగారం లెక్కున్నది" అంది.

"అవునమ్మా, బంగారమే" అన్నాను.

పిల్ల తల మీద చెయ్యి పెట్టాను. ఆ వెలుతురులో నా చెయ్యి కూడా పసుపు ముంచి తీసినట్టే ఉంది. అది చూశాను. చూసి, చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాను. పొద్దున్నే మీటింగుంది అని చెప్పి వచ్చేశాను.

నాలుగో రోజు ఇంటికి పంపించారు. ఆ రోజు ముసురు విడిచి ఎండ కాసింది. ఆటో ఎక్కబోతూ, పొత్తిళ్ళు కాస్త పక్కకు తీసి వైర్‌మన్ భార్య పిల్ల ముఖం ఎండలో చూసింది. ఆమె అరుపు గురించి గేటు దగ్గరున్న కాపలావాడు నాకు తర్వాత చెప్పాడు, ఇప్పటికీ చెవుల్లో ఉందన్నాడు. ఎండలో పిల్ల కళ్ళు కూడా పసుపే. అరికాళ్ళు కూడా పసుపే. పాలు తాగక, ఏడవక, ఊరికే పడుకుని ఉందని, బుద్ధిమంతురాలని రెండు రోజులుగా అందరూ మురిసిపోయారు.

అదే ఆటోలో నగరం నడుమ ఉన్న పిల్లల పెద్దాసుపత్రికి బయల్దేరారు. ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో. వైర్‌మన్ అన్న దిగి రెండు చేతులూ జోడించేలోపే జెండాలు పట్టుకున్న పిల్లలు దారి ఇచ్చారు, దిల్‌సుఖ్‌నగర్ దాకా ఆటో ముందు పరుగెత్తి జనాన్ని తప్పించారు. ఉద్యమం వల్ల ఆలస్యమైందని తర్వాత కొందరు అన్నారు కనుక ఇది గట్టిగా చెబుతున్నాను. రోడ్డు మీద ఒక్క నిమిషం పోలేదు. పోయినవి అంతకు ముందు రెండు రోజులు, అవి వార్డులో పోయాయి, నా వల్ల పోయాయి.

కబురు తెలిసి పరుగెత్తాను. అక్కడి డాక్టరు పిల్లను చూసి, "ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారమ్మా, మొన్ననే కనపడి ఉండాలె కద" అని అడిగాడట. వెంట వచ్చిన నర్సమ్మ ఏడుస్తూ, "మా వార్డుల పోరగాళ్ళు అందరు గట్లనే కనబడ్తరు సార్" అందట. రక్తం మార్చారు. నీలి లైట్ల కింద పడుకోబెట్టారు. కళ్ళకు గంతలు కట్టి, ఒంటి మీద గుడ్డ లేకుండా, ఆ నీలి వెలుతురులో అరచేతంత పిల్ల. కామెర్లకు మందు ఆ వెలుతురే. లైట్లతోనే బతికిన నేను అద్దం ఇవతల నిలబడి ఆ దీపాల్ని చూస్తూ ఉండిపోయాను. వైర్‌మన్ అన్న నా భుజం మీద చెయ్యి వేసి, "మీరు వచ్చిండ్రు, గంతే చాలు సార్" అన్నాడు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ దిగలేదు.

పిల్ల బతికింది. వార్డులో లైట్లు ఒక్క పూటలో మార్చేశారు, స్టోరు తాళం తీయడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు, నేను వెళ్ళి అడిగానంతే. విచారణ జరిగింది. 'సమ్మె కాలంలో సంబంధిత సిబ్బంది అందుబాటులో లేనందున' అని ఫైలులో ఒక వాక్యం రాశారు. ఆ వాక్యం చిత్తుప్రతి నేనే రాసిచ్చాను. ఫైలు ప్రకారం నా తప్పేమీ లేదు.

సమ్మె ముగిశాక డ్రాఫ్ట్స్‌మన్ గారింటికి పోయాను. తలుపు తీసి, కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇచ్చారు. ఏం చెప్పాలో ఇంటి దగ్గర అనుకుని పోయినవేవీ చెప్పలేదు. నిమ్మకాయలు పులిహోరలో పిండించిన సంగతి మాత్రం ఎట్లాగో చెప్పాను.

ఆయన నా చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకుని పక్కన పెట్టారు. "మీ మీద కోపం లేదండీ. కోపమంతా నా మీదే. ఆ రోజు అక్కడే నిచ్చెన ఉంది. నేనే ఎక్కి నాలుగు దీపాలు పీకేసి ఉంటే వాళ్ళే వేరేవి పెట్టుకునేవాళ్ళు. చెయ్యలేదు. ఆంధ్రావాడు దవాఖానలో లైట్లు పీకాడంటే ఏ గొడవ అవుతుందోనని భయపడ్డాను. నిమ్మకాయలు మీ టేబుల్ మీద పెట్టి నా పని అయిపోయిందనుకున్నాను" అన్నారు.

ఇద్దరం భయపడ్డాం. నేనూ నావాళ్ళకే, ఆయనా నావాళ్ళకే. ఆ తర్వాత ఆయన ఆసుపత్రి పనులకు నిమ్మకాయలు తేవడం మానేశారు. మరుసటి ఏడు రిటైరయ్యారు. వీడ్కోలు సభలో శాలువా నేనే కప్పాను, ఇద్దరం ఫోటోలో నవ్వుతూనే ఉన్నాం. ఇప్పుడు ఆయన లేరు.

రాష్ట్రం వస్తోందని ఖాయమైన రోజు సాయంత్రం అల్మాస్‌గూడలో వైర్‌మన్ అన్న వాళ్ళ సందులో పండగ. నన్ను పిలిపించాడు. మిఠాయిలు, గులాలు, డప్పులు. అతనూ నేనూ తడిసిన కళ్ళతో ఒకరినొకరం కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నాం. అప్పటికి పిల్లకు రెండేళ్ళు దాటాయి, మాటలు రాలేదు. కొందరికి ఆలస్యమవుతుందిలే అని అందరం అనుకుంటున్నాం. గుమ్మం ముందు కూర్చుని, మాకు వీపు పెట్టి, గిన్నెలో ఇసుక పోసుకుంటోంది. ఎవరో ఆమె వెనకే పొడవాటి పటాకుల దండ అంటించారు. సందు సందంతా అదిరిపోయింది, నేను చెవులు మూసుకున్నాను. పిల్ల తల తిప్పలేదు. ఇసుక పోసుకుంటూనే ఉంది.

వైర్‌మన్ అన్న చేతిలో మిఠాయి పళ్ళెం ఉంది. దాన్ని మెల్లగా అరుగు మీద పెట్టాడు. పిల్ల వెనక్కి పోయి, వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టాడు. తర్వాత అక్కడే కింద కూర్చున్నాడు. మేము గెలిచిన రోజు నాకు అట్లా గుర్తుంది.

డాక్టర్లు చెప్పింది ఒక్కటే. పుట్టినప్పటి కామెర్లు తలకెక్కి వినికిడి పోయింది. రెండు రోజుల ముందు పట్టుకుని ఉంటే పోయేది కాదు.

తర్వాత కొన్నాళ్ళకు వైర్‌మన్ అన్న ఒక పనికి పిలిచాడు. పిల్లను పిలవాలంటే లైటు స్విచ్ వేసి తీస్తున్నారు, పాత ట్యూబ్‌లైటేమో టక్కున వెలగక తడబడుతోంది. "మీకు లైట్ల ఇల్మ్ ఉన్నది, అంతా ఎరుకే సార్. దాని గదిల మంచి లైటు మీరే చూసి పెట్టాలె" అన్నాడు. వేయగానే వెలిగేదీ, కళ్ళలో కొట్టనిదీ, రంగు మార్చనిదీ మూడు దుకాణాలు తిరిగి తెచ్చాను. నా చేతులతో బిగించాను. బిగించాక జేబులోంచి రెండు నిమ్మకాయలు తీసి ఆమె మంచం మీద పెట్టి చూశాను. ఆ పిల్ల పండుదాన్ని ఏరి నా చేతికిచ్చింది.

అప్పటినుంచి నేను ఆ ఇంటికి చుట్టంలా పోయి వస్తున్నాను. ఆమె నన్ను పిలవాలంటే పిడికిలి తల మీదికెత్తి వేళ్ళు విప్పుతుంది. లైటు తాత అని దానర్థం. ఆ సైగ చేసిన ప్రతిసారీ వైర్‌మన్ అన్న మురిసిపోయేవాడు. నేను ఎన్నోసార్లు చెప్పాలనుకుని పోయి, టీ తాగి, చెప్పకుండా వచ్చేవాణ్ణి. ఆ రోజు షామియానా కింద ఫోన్లో ఏ లైట్ల ముచ్చట జరిగిందో అతనికి తెలుసో లేదో నాకు తెలియదు. రెండు నెలల కిందట గుండెనొప్పితో పోయాడు. ఇక చెప్పే వీలు లేదు.

నన్ను అడగడానికి వచ్చిన పిల్లలకు చెబుతున్నాను. బడికి ఏది, కోర్టుకు ఏది, దవాఖానకు ఏది అన్నది మీ ఫోన్లలో దొరుకుతుంది, నేను చెప్పిందీ రాసుకున్నారు. ఎవరైనా ఫోన్ చేసి ఇక్కడ వెలుతురు సరిగా లేదండీ అంటే, అతను ఎక్కడివాడో చూడకుండా లేచి పొండి. సంతకం పెట్టొద్దనుకుంటే పెట్టకండి, పోయి చూడండి.

ఆ పిల్లకు ఇప్పుడు పద్నాలుగో ఏడు. పుస్తకాలంటే ప్రాణం, కనపడ్డ కాగితమల్లా చదువుతుంది. మీరు దీన్ని చదివేముందు ఆమె చదవాలి. ఈ ఆదివారం ఈ కాగితాలు పట్టుకుని అల్మాస్‌గూడ పోతాను. గుమ్మంలో నిలబడి స్విచ్ రెండుసార్లు వేసి తీస్తాను. ఆమె తల తిప్పి చూసి పిడికిలి పైకెత్తి వేళ్ళు విప్పుతుంది. ఇవి ఆమె చేతిలో పెట్టి, చదవడం అయ్యేదాకా ఎదురుగా కూర్చుంటాను. అది నేను చూసి పెట్టిన లైటే. అక్షరాలు బాగా కనపడతాయి, నా ముఖమూ బాగానే కనపడుతుంది.